తిరుమలదేవి మాట

శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) తిరుమలదేవిపై అలిగిన కథ మన యిండ్లలో నెల్లరు నెఱిగినదే. రాణి నిదురలో రాయల చిత్రపటమువైపు కాళ్లు చాచినదట. రాయలది చూచి, మాటాడక వెడలిపోయి, యామె నగరికి పోవుట మానెనట. ఆమెతో నరణముగా వచ్చిన నంది తిమ్మన పారిజాతాపహరణమును రచించి, సత్యభామ తన్నినను కోపింపని కృష్ణుని జూపి, రాయల మనస్సు మరలించెనట.

ఈ దంపతుల కలహము కావ్యమున లేదు, జనశ్రుతి మాత్రమే. అయినను మనవారు దీనిని తరతరములుగా ముచ్చటగా జెప్పికొనుచుండుటయే నాకు విచారణీయముగా దోచుచున్నది. కవి నేర్పును కొనియాడుదుము గాని, రాయలామెను లేపి యొక్కమాట యేల యడుగలేదని యెవరును ప్రశ్నింపరు. నిదురించుచున్నదానికి నేరమేమి? భర్త మౌనముగా శిక్ష విధించెను. భార్య కారణమెఱుగకయే యనుభవించెను. ఇరువురి నడుమ నైదాశ్వాసముల కావ్యము నడచినది గాని సంభాషణ నడవలేదు.

కావ్యములోని సత్యభామ యట్టిది కాదు. పారిజాతమును రుక్మిణి కిచ్చినందులకు కోపగృహము చొచ్చును. పతిని తన్నును (ఇది నేను మెచ్చుకొనను). పిదప నేడ్చి, తన పరాభవమును పతి మొగముమీదనే చెప్పును. కృష్ణుడు వినును. తిరుమలదేవి కట్టి వాక్యము నొక్కదానినైనను మన కథకులు కల్పింపలేదు.