ముందు జడ, తర్వాత భామ

కూచిపూడి మేళం ఆటకు దిగిన రాత్రి సత్యభామ కంటే ముందు ఆమె జడ వచ్చేది. చెరో కొస పట్టుకుని ఇద్దరు మనుషులు నిలబెట్టిన తెర, దాని వెనక గజ్జెల చప్పుడు. ఉన్నట్టుండి నాగరం, సూర్యుడు, చంద్రుడు పొదిగిన బారెడు జడ తెర మీదుగా ఇవతలికి వచ్చి పడేది. కాగడా మీద గుగ్గిలం పొడి విసిరితే భగ్గున మంట లేచేది. ఆ జడ ఒక పందెం. విద్యలో నన్ను గెలిచినవాళ్లుంటే దీన్ని కోసి ఇస్తాను, రండి అని. ఆ తర్వాతే తెర తొలగి ప్రవేశదరువు మొదలయ్యేది. చిత్రం ఏమంటే ఆ దరువులో కథ అంగుళం కూడా కదలదు. తానెవరో, కృష్ణుడి భార్యలందరిలో తన అంతస్తేమిటో భామ చెప్పుకుంటుంది, అంతే. అయినా కృష్ణా డెల్టాలో పుట్టిన పాటల్లో ఇంత దూరం వెళ్లింది మరొకటి ఉందంటే నేను నమ్మను.

ఇంతకీ ఆ జడ వేసుకున్నది మగవాడు.

1971 మార్చిలో మార్క్ బోలన్ అనే కుర్రాడు కళ్ల కింద మెరుపుపొడి అద్దుకుని బీబీసీ టీవీలో 'హాట్ లవ్' పాడాడు. ఇంగ్లండ్‌లో గ్లామ్ రాక్ పుట్టుకను చాలామంది అక్కడి నుంచే లెక్కపెడతారు. అంతకు ముందు అతను నేల మీద బాసింపట్టు వేసుకుని మామూలు గిటార్ వాయిస్తూ పాడేవాడు. టైరనోసారస్ రెక్స్ అనే బారెడు పేరును టీ రెక్స్ అని కత్తిరించి, కరెంటు గిటార్ పట్టాకే హిట్టు కొట్టాడు. మగవాడి ముఖాన తళుకులా అని అక్కడ ఆశ్చర్యపోయారు. కూచిపూడి చుట్టుపక్కల మొవ్వ, చల్లపల్లి వైపు పెద్దలకు చెప్పి ఉంటే, ఇదేం వింత అనేవాళ్లు. ముఖానికి అరదళం పూసుకుని, పొణికి చెక్క నగలకు తళుకు అద్ది, భుజకీర్తులు కట్టుకుని వచ్చే మగ సత్యభామలను వాళ్లు తాతల నాటి నుంచీ చూస్తున్నారు. బ్యాండ్ అన్నదానికీ మనకు మాట వెతుక్కోనక్కర్లేదు. మేళం అంటే చాలు.

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో ఉంటుంది కూచిపూడి. పక్కనే క్షేత్రయ్య మొవ్వ. భామ జడ వేసే ఆ ఆటే భామాకలాపం, రాసింది సిద్ధేంద్రయోగి అంటారు. ఆయన కాలం గురించి పండితులు మూడు నాలుగు శతాబ్దాల తేడాతో వాదించుకుంటారు గనక అందులోకి నేను దిగను. ఊళ్లో చెప్పే కథ మాత్రం బాగుంటుంది. అత్తవారింటికి పోతూ ఏరు దాటబోతే నడిమధ్య వరద ముంచుకొచ్చింది. బతికి బయటపడితే చాలని అక్కడికక్కడే సన్యాసం పుచ్చుకున్నాడు. గట్టెక్కాక మాట తప్పలేదు. భార్య దగ్గరికి వెళ్లాల్సిన మనిషి కృష్ణుడి కోసం అలిగి, విరహపడి, జాబు రాసే భామను సృష్టించాడు. కూచిపూడి బ్రాహ్మణ పిల్లలకు నేర్పి, ఈ ఊళ్లో పుట్టిన ప్రతి మగవాడూ బతుకులో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడట. గోల్కొండ తానీషా ఈ ఆట చూసి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని మరో కథ. వేదాంతం, వెంపటి, భాగవతుల, పసుమర్తి, మహంకాళి అంటూ ఇంటిపేర్లు చెబితేనే ఇప్పటికీ ఊరు గుర్తుకొస్తుంది.

కలాపం అంటే రాత్రంతా ఆట. పాత్రలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. భామకు చెలికత్తె మాధవి, కృష్ణుడికి చెలికాడు మాధవుడు. రెండూ సూత్రధారుడే. ఇటు తిరిగితే ఆడది, అటు తిరిగితే మగవాడు. భామ పెద్ద పెద్ద మాటలు చెప్పుకుంటుంటే మాధవి ఎత్తిపొడుస్తుంది, మొగుడి పేరు చెప్పమని సతాయిస్తుంది. నవ్వంతా అక్కడే పుట్టేది.

మేళం మొదటిసారి దారి మార్చింది చింతా వెంకటరామయ్య (1860–1949) హయాంలో. నాటక కంపెనీలు ఊళ్లమీద పడుతున్న రోజులవి. ఒక్క భామతో తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టడం కష్టమైంది. ఆయన యక్షగానాలను ఎత్తుకుని ప్రహ్లాద, ఉషాపరిణయం వంటివి ఆడించాడు. వేషాలు పెరిగాయి, వచ్చిన ప్రతి వేషానికీ ఒక ప్రవేశదరువు. హిరణ్యకశిపుడు అడుగుపెడితే గుగ్గిలం రెండింతలు మండేది. భామ మాత్రం పోలేదు. వెంపటి వెంకటనారాయణ (1871–1935) భామ వేషానికి ఆ రోజుల్లో పెట్టింది పేరు.

రెండోసారి జరిగింది కత్తిరింపు, అసలు మలుపు అదే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి కలాపంలోని తునకలను విడదీసి ఒక్కరే ఆడే అంశాలుగా మలిచాడు. పైగా ఆడపిల్లలకు నేర్పాడు. ఊళ్లో ఎంత గొడవ అయ్యుంటుందో ఊహించుకోవచ్చు. రాత్రంతా ఆడే ఆటలోంచి పది పన్నెండు నిమిషాల ప్రవేశదరువు విడిగా బయటికొచ్చింది. పాశ్చాత్య సంగీతం వాళ్లు సింగిల్ అనేది దీన్నే.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. గోదావరి జిల్లాల్లో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతుల కులపు స్త్రీలూ భామాకలాపం ఆడేవారు, అద్భుతంగా ఆడేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. వాళ్ల ఆటకు అప్పటికే సన్నగిల్లిన ఆదరణ ఆ తర్వాత పూర్తిగా పోయింది. మగవాడు భామగా వేషం కడితే సంప్రదాయం అన్నారు. ఆడది భామగా ఆడితే పరువు తక్కువ అన్నారు. ఆ తర్వాత కొద్దికాలానికే మధ్యతరగతి ఇళ్ల ఆడపిల్లలు అదే దరువు నేర్చుకోవడానికి వరస కట్టారు.

మూడో మలుపు మద్రాసులో. కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం (1929–2012) 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాడు. వీధిలో వినపడాలని గొంతెత్తి పాడే పాటను, జనాన్ని చూసి సాగదీసే సంభాషణను పక్కనపెట్టి, మైకుకూ ఆడిటోరియానికీ సరిపోయే నృత్యనాటకాలు కట్టాడు. భుజంగరాయ శర్మ సాహిత్యం రాశాడు. వాటిలో చాలావాటికి సంగీతం పట్రాయని సంగీతరావు. ఈ పేరు దగ్గర గుడివాడ వాళ్లు ఆగుతారు. అక్కడికి దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాలకు విజయనగరంలో పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి కొడుకే ఈయన. మద్రాసులో ఘంటసాల దగ్గర ఏళ్ల తరబడి హార్మోనియం వాయించాడు. 1974లో ఘంటసాల పోయాక ఆ చేయి కూచిపూడి వైపు తిరిగింది. అందుకే ఆ నృత్యనాటకాల్లో కొన్ని వరసలు వింటుంటే వీధిభాగవతం కాక, మంచి పాత సినిమా గుర్తొస్తుంది. దాన్ని కొందరు తప్పు పడతారు. నాకు మాత్రం హాయిగానే ఉంటుంది. చినసత్యం శిష్యురాలు శోభానాయుడు చేసిన భామను చూసినవాళ్లూ బహుశా నాతోనే ఉంటారు.

ఇదంతా జరుగుతుండగా పాత దారిని వదలని మనిషి ఒకడు మిగిలాడు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012). పాతికేళ్లు దాటుతుండగానే, 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ. బోలన్ మెరుపుపొడి అద్దుకోవడానికి ఏడాది ముందు అన్నమాట. తెర వెనక ఆయన్ను ఆడమనిషనుకుని పలకరించిన వాళ్ల కథలు డజన్ల కొద్దీ ఉన్నాయి. నిజమెంతో గానీ, ఆయన నడక చూసి ఆడపిల్లలు నడక నేర్చుకున్నారన్నది ఆయన శిష్యురాళ్లే చెప్పే మాట. చినసత్యం 2012 జులైలో పోతే, ఈయన అదే ఏడాది నవంబర్‌లో పోయాడు.

ఇప్పుడు భామ ప్రవేశదరువు సిలికాన్ వ్యాలీ హాళ్లలోనూ, హైదరాబాద్ రవీంద్రభారతిలోనూ, బందరు స్కూలు వార్షికోత్సవంలోనూ కనిపిస్తుంది. తెర పట్టుకునే ఇద్దరు మనుషులు ఉండరు గనక జడ పడేసే చోటు లేదు. నాట్యగత్తె దాన్ని భుజం మీదుగా ముందుకు తెచ్చుకుని, రెండు చేతులతో పైకెత్తి చూపిస్తుంది. ఎత్తిపొడిచే మాధవి ఉండదు, చాలాచోట్ల మాటలే ఉండవు. తానెవరో చెప్పుకోవడం పూర్తయ్యాక చప్పట్ల మధ్య నమస్కారం చేసి లోపలికి వెళ్లిపోతుంది. అలక, జాబు, కృష్ణుడు, తెల్లవారడం అన్నీ మిగిలే ఉంటాయి. తర్వాతి అంశం ఇత్తడి పళ్లెం మీద తరంగం అని మైకులో చెబుతారు.