మెట్ల మీద తగువు

జీవి, జనాభా, సముదాయం, ఆవరణ వ్యవస్థ, జీవావరణం అని స్కూల్లో బట్టీ పట్టాం. నెట్‌వర్క్ లేయర్లలా ఎవరో కూర్చుని డిజైన్ చేశారనుకునేవాణ్ణి. కాదు, వీటి మీద పెద్ద తగువులే నడిచాయి.

1916లో అమెరికాలో క్లెమెంట్స్, ఒకచోటి మొక్కల సముదాయమంతా కలిసి ఒకే జీవి అన్నాడు: పుడుతుంది, ఎదుగుతుంది, ముదురుతుంది. 1926లో గ్లీసన్ అడ్డం తిరిగాడు. ఏ మొక్క దారి దానిదే, విత్తనం పడ్డచోట కుదిరితే బతుకుతుంది, పక్కపక్కన మొలిచినంత మాత్రాన ఒకే ఒళ్లు అయిపోవన్నాడు. అంటే ‘సముదాయం’ అనే మెట్టే అనుమానంలో పడింది! చాలా ఏళ్లు ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నాకు ఎక్కువ నచ్చేది 1935లో ఇంగ్లండ్ నుంచి టాన్‌స్లీ రాసిన వ్యాసం. దక్షిణాఫ్రికాలో ఫిలిప్స్ అనే ఆయన, క్లెమెంట్స్ ‘జీవి’కి స్మట్స్ ‘హోలిజం’ జోడించి ఇంకా పైకెత్తాడు. స్మట్స్ ఉత్త తత్వవేత్త కాదు, ఆ దేశానికి ప్రధానిగా చేసినవాడు, జాతుల్ని విడిగా ఉంచాలన్నవాడు. విడి భాగాల కన్నా మొత్తమే గొప్పదన్న మాట అలాంటివాళ్ల నోట వింటే నాకైతే గుబులే. టాన్‌స్లీ మట్టినీ గాలినీ కూడా లెక్కలోకి తెచ్చి ‘ఎకోసిస్టమ్’ అన్నాడు, జీవి అనలేదు. పైగా అలాంటి వ్యవస్థల్ని చదువుకోడం కోసం మనమే మనసులో విడదీసి చూస్తామనీ, నిజానికి అవి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయనీ ఒప్పుకున్నాడు. మా పాఠంలో మెట్ల బొమ్మ ఉండేది గానీ ఈ ముక్క లేదు.