రాయ్ హాలడే

రాయ్ హాలడే (1977 మే 14 - 2017 నవంబరు 7) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు. ఇతడి పూర్తి పేరు హ్యారీ లీరాయ్ హాలడే. తండ్రి, తాతల పేరు కూడా అదే కావడంతో ఇతడిని మూడవ హ్యారీ లీరాయ్ హాలడేగా వ్యవహరిస్తారు. కుడిచేతి పిచ్చర్ అయిన హాలడే మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 1998 నుండి 2013 వరకు టొరంటో బ్లూ జేస్, ఫిలడెల్ఫియా ఫిల్లీస్ జట్ల తరఫున ఆడాడు. 23 ఏళ్ళ వయసులో జట్టులో స్థానం కోల్పోయి దిగువ శ్రేణి లీగుకు పంపబడిన ఇతడు, తన పిచింగ్ శైలిని మొదటి నుండి మార్చుకొని తిరిగి వచ్చి రెండు పర్యాయాలు సై యంగ్ అవార్డు పొందాడు. 2019లో ఇతడి పేరు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

స్టార్టింగ్ రొటేషన్ అంటే ఏమిటి?

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడిని పిచ్చర్ అంటారు. క్రికెట్‌లోని బౌలర్‌తో ఇతడిని పోల్చవచ్చు. అయితే క్రికెట్‌లో బౌలర్లు ఓవర్‌కు ఒకరు చొప్పున మారుతుండగా, బేస్‌బాల్‌లో ఒకే పిచ్చర్ ఎడతెగకుండా విసురుతాడు. ఆటను ప్రారంభించే వ్యక్తిని స్టార్టింగ్ పిచ్చర్ అంటారు. అతడు అలసిపోయినప్పుడు, లేదా పరుగులు ఎక్కువగా ఇస్తున్నప్పుడు రిలీఫ్ పిచ్చర్ వస్తాడు. ఒకసారి తప్పుకున్నవాడు తిరిగి ఆ ఆటలోకి రాకూడదు.

మేజర్ లీగ్‌లో ప్రతి జట్టు ఒక సీజన్‌లో 162 ఆటలు ఆడుతుంది. ఒకే వ్యక్తి రోజూ విసరడం అసాధ్యం కనుక సాధారణంగా అయిదుగురు స్టార్టింగ్ పిచ్చర్లు వంతులవారీగా ఆడతారు. ఈ వరుసనే స్టార్టింగ్ రొటేషన్ అంటారు. మొదటి రెండు మూడు స్థానాలు అనుభవజ్ఞులకు ముందే ఖాయమై ఉంటాయి. మిగిలిన స్థానాల కొరకు ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగే వసంతకాలపు శిక్షణ శిబిరంలో యువకులు పోటీ పడతారు. ఇందులో నెగ్గనివారు రిలీఫ్ పిచ్చర్లుగా మారడమో, మైనర్ లీగులకు వెళ్ళడమో జరుగుతుంది. హాలడే ఆడిన కాలంలో మైనర్ లీగులలో మేజర్ లీగ్‌కు దగ్గరగా ఉండేది ట్రిపుల్-ఏ. దాని క్రింద డబుల్-ఏ, ఆ క్రింద సింగిల్-ఏ ఉండేవి.

పిచ్చర్ ప్రతిభను కొలవడానికి వాడే ముఖ్యమైన గణాంకం ఎర్న్‌డ్ రన్ సగటు. ఫీల్డర్ల పొరపాట్ల వలన వచ్చినవి మినహాయించి, పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో ఇది తెలుపుతుంది. సగటు ఎంత తక్కువైతే అంత మంచిది.

బాల్యం, తొలి దశ

హాలడే కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్‌లో జన్మించి, సమీపంలోని అర్వాడాలో పెరిగాడు. తండ్రి విమాన చోదకుడు. చలికాలంలో మంచు వలన బయట ఆడే వీలు లేకపోవడంతో ఇంటి నేలమాళిగలో బంతి విసరడం సాధన చేసేవాడు. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, వేగవంతమైన బంతి ఇతడికి ఉన్న బలాలు. 1995లో బ్లూ జేస్ జట్టు ఇతడిని మొదటి రౌండులో 17వ ఆటగాడిగా ఎంపిక చేసుకుంది.

1998 సెప్టెంబరు 20న ఇతడు మేజర్ లీగ్‌లో ప్రవేశించాడు. వారం తరువాత, సెప్టెంబరు 27న డెట్రాయిట్ టైగర్స్‌తో జరిగిన తన రెండవ ఆటలోనే సంచలనం సృష్టించాడు. చివరి ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యే వరకు ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. మరొక్కరిని అవుట్ చేస్తే నో-హిట్టర్ అనే అరుదైన ఘనత దక్కేది. అప్పుడు వచ్చిన బాబీ హిగిన్సన్ హోమ్ రన్ కొట్టాడు. గోడ దాటి వచ్చిన ఆ బంతిని పట్టుకున్నవాడు బ్లూ జేస్ సీనియర్ పిచ్చర్ డేవ్ స్టీబ్. స్టీబ్ స్వయంగా పలుమార్లు చివరి ఇన్నింగ్స్‌లో నో-హిట్టర్‌ను చేజార్చుకున్నవాడు కావడం విశేషం. ఆ ఆటను హాలడే 2-1 తేడాతో గెలిచాడు. జట్టు భవిష్యత్తు ఇతడిదేనని అభిమానులు భావించారు.

2000 సీజన్ వైఫల్యం

1999లో ఇతడి సగటు 3.92. చూడడానికి బాగానే ఉన్నా లోపం ఆనాడే కనిపించింది. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్ లభిస్తుంది. దీనిని వాక్ అంటారు. ఆ సంవత్సరం హాలడే 82 మందిని స్ట్రైకౌట్ చేసి, 79 మందికి వాక్ ఇచ్చాడు.

2000లో పరిస్థితి పూర్తిగా దిగజారింది. 67⅔ ఇన్నింగ్స్‌లో 107 హిట్లు, 80 ఎర్న్‌డ్ రన్లు ఇచ్చాడు. సగటు 10.64. ఒక సీజన్‌లో కనీసం 50 ఇన్నింగ్స్ ఆడిన పిచ్చర్లలో అప్పటి వరకు ఇంత చెడ్డ సగటు నమోదు కాలేదు.

వైఫల్యానికి కారణం వేగం లేకపోవడం కాదు. హాలడే చేతిని తల మీదుగా నిలువుగా తెచ్చి విసిరేవాడు. బంతి వేగంగా వెళ్ళినా తిన్నగా వెళ్ళేది. మేజర్ లీగ్ బ్యాటర్లకు తిన్నని బంతి ఎంత వేగంగా వచ్చినా కొట్టడం కష్టం కాదు. కొడతారనే భయంతో అంచులకు విసరబోతే గురి తప్పి వాక్‌లు పెరిగేవి. వాక్‌లు తప్పించడానికి నడిమికి విసిరితే హోమ్ రన్లు వచ్చేవి. ఈ రెండింటి నడుమ ఆత్మవిశ్వాసం సన్నగిల్లింది.

డనీడిన్‌లో పునర్నిర్మాణం

2001 వసంతకాలంలో రొటేషన్‌లో స్థానం కొరకు పోటీ పడిన హాలడే అందులో నెగ్గలేదు. బ్లూ జేస్ యాజమాన్యం ఇతడిని ట్రిపుల్-ఏకు కాక, ఏకంగా ఫ్లోరిడాలోని డనీడిన్ సింగిల్-ఏ జట్టుకు పంపింది. అప్పటికే మూడు సీజన్లలో మేజర్ లీగ్ ఆడినవాడు కొత్తగా వృత్తిలోకి వచ్చిన కుర్రవాళ్ళతో కలిసి ఆడవలసి వచ్చింది.

అక్కడ ఇతడి బాధ్యతను మెల్ క్వీన్ తీసుకున్నాడు. ఇతడు పూర్వం బ్లూ జేస్ పిచింగ్ కోచ్‌గా పనిచేసినవాడు. కఠినంగా మాట్లాడతాడని పేరు. చేతిని తల మీదుగా కాక, భుజానికి కొంచెం పైగా ఏటవాలుగా తెచ్చి విసరడం క్వీన్ నేర్పించాడు. విసిరే వేగాన్ని, బంతిపై వేళ్ళ పట్టును కూడా మార్పించాడు. దీని వలన బంతి చివరి క్షణంలో దారి మారడం మొదలైంది. సింకర్ అనే బంతి క్రిందికి దిగుతూ కుడిచేతి బ్యాటర్ వైపు వెళుతుంది. కట్టర్ అందుకు భిన్నంగా అతడికి దూరంగా జరుగుతుంది. రెండూ ఒకే విధంగా బయలుదేరడం వలన ఏది ఎటు పోతుందో బ్యాటర్ పోల్చుకోలేడు. పిచ్చర్ ఇక అంచులకు గురిపెట్టనక్కరలేదు. నడిమికి విసిరినా బంతే అంచుకు జరుగుతుంది.

ఇదే సమయంలో ఇతడి భార్య బ్రాండీ ఒక పుస్తకాల దుకాణంలో హార్వే డార్ఫ్‌మన్ రచించిన 'ద మెంటల్ ఏబీసీస్ ఆఫ్ పిచింగ్' అనే గ్రంథాన్ని కొని ఇచ్చింది. ఫలితాన్ని గురించి గాక, చేతిలోని ఒక్క బంతిని గురించి మాత్రమే ఆలోచించాలన్నది అందులోని ప్రధాన బోధ. హాలడే దానిని మరల మరల చదివాడు. తరువాత డార్ఫ్‌మన్‌ను కలిసి ఆయన సలహాలు కూడా పొందాడు.

డనీడిన్ నుండి డబుల్-ఏ, ట్రిపుల్-ఏ జట్ల మీదుగా హాలడే 2001 జూలైలో టొరంటో చేరాడు. మిగిలిన సీజన్‌లో ఇతడి సగటు 3.16, 96 స్ట్రైకౌట్లకు వాక్‌లు 25 మాత్రమే.

గణాంకాలలో మార్పు

- 1999: 149⅓ ఇన్నింగ్స్, విజయాలు 8, అపజయాలు 7, సగటు 3.92, వాక్‌లు 79
- 2000: 67⅔ ఇన్నింగ్స్, విజయాలు 4, అపజయాలు 7, సగటు 10.64, వాక్‌లు 42
- 2001: 105⅓ ఇన్నింగ్స్, విజయాలు 5, అపజయాలు 3, సగటు 3.16, వాక్‌లు 25
- 2002: 239⅓ ఇన్నింగ్స్, విజయాలు 19, అపజయాలు 7, సగటు 2.93, వాక్‌లు 62
- 2003: 266 ఇన్నింగ్స్, విజయాలు 22, అపజయాలు 7, సగటు 3.25, వాక్‌లు 32
- 2010: 250⅔ ఇన్నింగ్స్, విజయాలు 21, అపజయాలు 10, సగటు 2.44, వాక్‌లు 30

ఉన్నత దశ

2003లో హాలడే అమెరికన్ లీగ్ సై యంగ్ అవార్డు పొందాడు. లీగ్‌లోని ఉత్తమ పిచ్చర్‌కు ఏటా ఈ అవార్డు ఇస్తారు. సింకర్‌ను కొట్టినప్పుడు బంతి ఎక్కువగా నేలబారుగా పోతుంది. తక్కువ బంతులతో ఇన్నింగ్స్ ముగుస్తుంది. అందువలన ఆటను మొదటి నుండి చివరి వరకు తానే పూర్తి చేయడం ఇతడికి సాధ్యమైంది. ఇట్టి సంపూర్ణ ఆటలలో ఏడు సీజన్లు తన లీగ్‌లో ప్రథమ స్థానంలో నిలిచాడు.

పేరు గడించిన తరువాత కూడా ఇతడు నేర్చుకోవడం మానలేదు. 2008 ఆల్-స్టార్ ఆట సందర్భంగా న్యూయార్క్ యాంకీస్ పిచ్చర్ మరియానో రివెరాను కట్టర్ పట్టుకునే విధానం అడిగి తెలుసుకున్నాడు. మరచిపోకుండా వేళ్ళ స్థానాలను ఒక బంతిపై గీసి పెట్టుకున్నాడు.

2009 డిసెంబరులో ఇతడు ఫిలడెల్ఫియాకు మారాడు. 2010 మే 29న ఫ్లోరిడా మార్లిన్స్‌పై పర్ఫెక్ట్ గేమ్ సాధించాడు. అనగా వచ్చిన 27 మంది బ్యాటర్లలో ఒక్కరు కూడా బేస్ చేరలేదు. మేజర్ లీగ్ చరిత్రలో ఇది 20వది. అదే ఏడాది అక్టోబరు 6న సిన్సినాటి రెడ్స్‌పై నో-హిట్టర్ సాధించాడు. ప్లేఆఫ్ దశలో 1956లో డాన్ లార్సెన్ తరువాత ఇదే మొదటిది. ఆ సంవత్సరం నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా ఇతడికే దక్కింది. రెండు లీగులలోనూ ఈ అవార్డు పొందిన పిచ్చర్లలో హాలడే అయిదవవాడు.

విరమణ, మరణం

భుజం, వెన్ను సమస్యల వలన 2013 డిసెంబరులో హాలడే ఆట నుండి విరమించుకున్నాడు. బ్లూ జేస్ ఆటగాడిగానే విరమించాలన్న కోరికతో ఆ జట్టుతో ఒక్కరోజు ఒప్పందం చేసుకున్నాడు. మొత్తం 203 విజయాలు, 105 అపజయాలు, 3.38 సగటు, 2,117 స్ట్రైకౌట్లు, 67 సంపూర్ణ ఆటలు ఇతడి ఖాతాలో ఉన్నాయి.

2017 నవంబరు 7న గల్ఫ్ ఆఫ్ మెక్సికోపై తన చిన్న విమానాన్ని ఒంటరిగా నడుపుతుండగా అది కూలి హాలడే మరణించాడు. అప్పటికి ఇతడి వయసు 40 సంవత్సరాలు. ఆటకాలంలోను ఆ తరువాత కూడా ఇతడు ఆందోళనతోను, నొప్పి మాత్రల అలవాటుతోను పోరాడిన సంగతిని భార్య బ్రాండీ తరువాత బహిరంగంగా వెల్లడించింది.

2019 జనవరిలో, అర్హత లభించిన మొదటి ఏడాదే, 85.4 శాతం ఓట్లతో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. రివెరా కూడా అదే ఏడాది ఎంపికయ్యాడు. జూలైలో జరిగిన సభలో హాలడే తరఫున బ్రాండీ ప్రసంగించింది. రెండు జట్లూ సమానమే అన్న కుటుంబ నిర్ణయం మేరకు ఫలకంపై ఇతడి టోపీకి ఏ జట్టు చిహ్నమూ లేదు. బ్లూ జేస్ 2018లో ఇతడి 32వ నంబరును, ఫిల్లీస్ 2021లో 34వ నంబరును మరెవరికీ ఇవ్వరాదని నిర్ణయించి గౌరవించాయి.