హ్యూ గ్లాస్ కథలో ఎంత నమ్మాలి?

1823 వేసవి చివర, నేటి దక్షిణ డకోటాలోని గ్రాండ్ నది దగ్గర ఒక గ్రిజ్లీ ఎలుగు హ్యూ గ్లాస్‌ను చీల్చేసింది. బీవర్ తోళ్ల కోసం బయల్దేరిన ఆండ్రూ హెన్రీ బృందంలో అతనొక వేటగాడు. గాయపడిన అతన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన ఇద్దరు సహచరులు తుపాకీతో సహా అన్నీ తీసుకుని వెళ్లిపోయారనీ, గ్లాస్ పాకుతూ, కుంటుతూ సుమారు 200 మైళ్ల దూరంలో మిస్సోరి నది ఒడ్డున ఉన్న కయోవా కోటకు చేరాడనీ చెబుతారు. 2015 నాటి ‘ది రెవెనెంట్’ సినిమా ఈ కథను మనదాకా తెచ్చింది.

గ్లాస్ తన అనుభవాన్ని రాసిపెట్టలేదు. అతని పేరిట మిగిలిన ఒక్క లేఖలో ఎలుగు ఊసే లేదు. 1823 జూన్‌లో అరికరా అనే స్థానిక తెగవారి చేతిలో చనిపోయిన తోటి వేటగాడి ఇంటికి పంపిన కబురది. తొలి అచ్చు కథనం 1825లో ఫిలడెల్ఫియా పత్రిక ‘పోర్ట్ ఫోలియో’లో వచ్చింది. దాన్ని రాసిన జేమ్స్ హాల్ ప్రత్యక్ష సాక్షి కాదు.

నా దృష్టిలో వీటన్నిటికన్నా బరువైన ఆధారం డేనియల్ పాట్స్ అనే వేటగాడు 1824లో రాసిన లేఖ. ఎలుగు చీల్చిన ఒక మనిషిని తుపాకీ లేకుండా దారిలో వదిలేశారనీ, తర్వాత అతను కోలుకున్నాడనీ అందులో ఒక్క వాక్యం ఉంది. పేరు లేదు. అయినా ఆ కాలానికి ఇంత దగ్గరగా, కథకు అలంకారం తొడగాల్సిన అవసరమే లేని మనిషి రాసిన మాట అది. కాబట్టి దాడినీ, వదిలివెళ్లడాన్నీ నమ్మవచ్చు. వెళ్లిపోయినవారిలో కుర్రవాడు జిమ్ బ్రిడ్జరేనన్నది మాత్రం చాలా ఏళ్ల తర్వాత స్థిరపడిన గుర్తింపు. సినిమాలో చూపిన గ్లాస్ కొడుకుకు ఆధారం లేదు.

మరో సంగతి గమనించాలి. ఎలుగు గ్లాస్‌ను చంపలేదు. 1833లో యెల్లోస్టోన్ నది దగ్గర అరికరాలు చంపారు. మరో వేటగాడు జెడెడయా స్మిత్‌దీ అదే తీరు: 1823లో ఎలుగు దాడి నుంచి బతికి బయటపడి, 1831లో సిమరాన్ నది దగ్గర కొమాంచీ తెగవారి చేతిలో 32 ఏళ్లకే పోయాడు. అంతకుముందు 1828లో అంప్‌క్వా నది వద్ద స్థానికుల దాడిలో అతని బృందంలో నలుగురే మిగిలారు. ఇద్దరి చావులతో సూత్రం కట్టలేం. కానీ మృగాలకన్నా మనుషుల మధ్య పోరే ఎక్కువ ప్రాణాలు తీసి ఉంటుందన్న అనుమానానికి ఇవి బలమిస్తాయి. ఆ పోరులో తమ నేల కోసం నిలబడ్డ అరికరాల మాట మన చేతిలోని కాగితాల్లో దాదాపు వినిపించదు.

బ్రిడ్జర్ 77 ఏళ్లు, ఎలుగు చీల్చిన స్మిత్ చెవిని కుట్టిన జేమ్స్ క్లైమన్ 89 ఏళ్లు బతికారు. జ్ఞాపకాలు చెప్పగలిగింది ఇలా బతికినవారే. కొండల్లో ఆనవాలు లేకుండా పోయిన వారిని కలపకుండా ఆ కాలపు వేటగాళ్ల సగటు ఆయుష్షు ఇంత అని ఎవరు చెప్పినా, ఆ అంకెను అనుమానంతోనే చూడాలి.