చిన్న పత్రికలు - హాస్యం గురి

కొన్నేళ్ళ క్రితం మా కళాశాల విద్యార్థులు నలుగురు కలిసి ఎనిమిది పుటల పత్రిక ఒకటి వెలువరించారు. చేతితో వ్రాసి, జిరాక్సు తీయించి, పిన్నులు కొట్టి పంచారు. అందులో ఒక ప్రహసనం మిర్చి యార్డుకు సంబంధించినది. రైతు తెచ్చిన టిక్కీ విప్పించి, మంచి కాయను కూడా "తాలు" అని ధర తగ్గించే వ్యాపారి, చివరకు తన కొడుకు పెళ్ళిచూపుల్లో ఆడపెళ్ళివారి చేత "పిల్లవాడు తాలు" అనిపించుకుంటాడు. అందరూ నవ్వారు. పెద్దలకు మాత్రం నవ్వు రాలేదు. రెండవ సంచిక వెలువడలేదు. "ఇది సాహిత్యం కాదు, వెకిలితనం" అని తీర్మానించిన ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. నోరు మెదపలేదు. ఆనాడు చెప్పవలసిన మాట ఇప్పుడు చెబుతున్నాను.

తెలుగులో హాస్యపత్రిక పుట్టుకే ఒక తగవులో ఉంది. కొక్కొండ వెంకటరత్నం పంతులు 1871లో మద్రాసు నుండి "ఆంధ్రభాషాసంజీవని"ని ప్రారంభించారు. 1874లో కందుకూరి వీరేశలింగం "వివేకవర్ధని"ని స్థాపించారు. స్త్రీవిద్య విషయంలో ఇరువురికీ చుక్కెదురు. వివేకవర్ధనిని ఎగతాళి చేయడానికి కొక్కొండవారు "హాస్యవర్ధని"ని తెచ్చారు. దానికి జవాబుగా కందుకూరి తెచ్చినది "హాస్యసంజీవని". ఎదుటివాని పేరులో సగం లాక్కొని, దానికి హాస్యాన్ని తగిలించడమే తొలి చమత్కారం!

అయితే చమత్కారం ఒక్కటే పత్రికను నిలబెట్టదు. వివేకవర్ధని మొదట మద్రాసులో అచ్చయ్యేది. రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం ఏర్పడిన తరువాతనే కందుకూరి కలం స్వేచ్ఛగా సాగింది. అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నకూ, ఎవరిని చూసి నవ్వవచ్చునన్న ప్రశ్నకూ ఉన్న సంబంధాన్ని మనం విస్మరించరాదు.

1876లో హాస్యసంజీవనిలో "బ్రాహ్మవివాహము" వెలువడింది. ముదుసలి వరుడు, పసిపిల్ల వధువు, నడుమ బేరసారాలు. ఉపన్యాసాలకు చెవి ఒగ్గనివారు సైతం అందులో తమ ఇరుగుపొరుగును గుర్తుపట్టారు. గమనించవలసినది మరొకటి ఉంది. వ్యాసాలను గ్రాంథికంలో వ్రాసిన కందుకూరి, ప్రహసనంలో మనుషుల చేత ఇంట్లో మాట్లాడుకునే భాషనే మాట్లాడించారు. గిడుగు రామమూర్తి వ్యావహారికోద్యమానికి దశాబ్దాల ముందే హాస్యం ఆ తలుపును కొంత తెరచింది. ఆయన నవ్వినది తన సొంత కులాన్నీ, తన సాటి విద్యావంతులనూ చూసి. దాని బలం అదే. పరిమితి కూడా అక్కడే ఉంది: పొలంలో కూలి చేసేవాని బ్రతుకు ఆ నవ్వులకు ప్రధాన వస్తువు కాలేదు.

పాశ్చాత్య దేశాలలో వైజ్ఞానిక కల్పనా సాహిత్యాభిమానులు సైక్లోస్టైల్ చేసి పంచుకున్న చిన్న పత్రికలకు 1940లో "ఫ్యాన్‌జీన్" అన్న పేరు వచ్చింది. 1954లో బెల్‌ఫాస్టులో వాల్ట్ విల్లిస్, బాబ్ షాలు వ్రాసిన "ది ఎన్‌చాంటెడ్ డూప్లికేటర్" మంత్రపు సైక్లోస్టైల్ యంత్రాన్ని వెదుకుతూ బయలుదేరిన వాని కథ. తమ పిచ్చిని చూసి తామే నవ్వుకున్న ఆరోగ్యకరమైన హాస్యమది. కాని ఆ బృందంలోని వానికే దాని రుచి పూర్తిగా తెలుస్తుంది. కందుకూరి నవ్వు వీధిలోకి వచ్చింది. వీరిది చావడిలోనే ఉండిపోయింది.

ఇక మా పిల్లల పత్రిక మాట. అందులోనే మరొక పుటలో, మిరపకోతలకు కర్నూలు వైపు నుండి వలస వచ్చే కూలీల యాసను వెక్కిరించారు. పెద్దలెవరూ ఆ పుటను తప్పుపట్టలేదు! వ్యాపారిని చూసి నవ్వితే వెకిలితనం, కూలిమనిషిని చూసి నవ్వితే వినోదం. హాస్యానికి గురి ఎక్కడన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మరేమి కావాలి?

అధ్యాపకునిగా ఆనాడు నేను చేయవలసినవి రెండు పనులు: మొదటి పుటను కాపాడడం, రెండవ పుట గురించి పిల్లలతో తగవుపడడం. రెండూ చేయలేదు. వారు మళ్ళీ పత్రిక తెస్తే, జిరాక్సు ఖర్చు నాది. తగవు కూడా నాదే.