పెట్టెలోని రాతను చదివిందెవరు?

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి వెళితే ఒకసారి తలెత్తి చూడండి. జాకార్డుకు రంధ్రాలు పొడిచిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. రంధ్రం ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు, బుటా, కొంగు అన్నీ ఆ అట్టల్లో ఎలా ఉంటే అలాగే దిగుతాయి. ఫ్రాన్సులోని లియోన్‌లో 1804లో జోసెఫ్ మేరీ జాకార్డ్ తెచ్చిన ఈ హునర్ నుంచే కంప్యూటర్ల పంచ్ కార్డుల ఆలోచన పుట్టింది. మా ఊరి కారీగర్‌కు ఈ మాట చెబితే నవ్వుతాడేమో గానీ, ఆయన నెత్తిమీద వేలాడేది ప్రోగ్రామే. దాపరికం లేని ప్రోగ్రాము. నెమలి తోక వంకర పోతే అట్ట దింపి, తప్పు రంధ్రం ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాడు.

సాఫ్ట్‌వేర్ దునియాలో రెండు తరీకాలున్నాయి. రాసిన కోడ్‌ను అందరి ముందూ పెట్టేది ఓపెన్ సోర్స్. కోడ్‌కు తాళం వేసి, మా మీద భరోసా ఉంచి వాడుకోండి అనేది ప్రొప్రైటరీ. ఫోన్లు, ల్యాప్‌టాపుల విషయంలో ఈ బహస్ పాతదే. మన తెలుగు నేల మీద మాత్రం అది అందరికీ వినబడేంత గట్టిగా లేచింది ఓటు యంత్రం దగ్గర. ఓటంటే అవామ్ హుకూమత్ చేతిలో పెట్టే అమానత్ కదా, అందుకే ఈ తారీఖ్ మన ఇళ్లలో తెలియాలి.

ఓటు యంత్రాన్ని మన దేశంలో మొదట వాడింది 1982లో, కేరళలోని పరవూరులో, 50 బూతుల్లో. ఖానూన్‌లో దానికి చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ పోలింగును కొట్టేసింది. 1989లో చట్టం మార్చారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా యంత్రాలే. వాటిని తయారు చేసేవి రెండూ సర్కారీ సంస్థలే: బెంగళూరు బీఈఎల్, హైదరాబాదు ఈసీఐఎల్. లోపలి ప్రోగ్రాము మాత్రం ఖుఫియా. చిప్పులు విదేశాల్లో తయారై, ప్రోగ్రామును లోపల అచ్చుపోసుకుని వచ్చేవి. ఒకసారి అచ్చు పడ్డాక దాన్ని బయటికి తీసి సరిచూసే దారి పెట్టలేదు. అంటే పంపిన కోడ్, చిప్పులో కూర్చున్న కోడ్ ఒకటేనా అన్నది తయారు చేసిన సంస్థ కూడా యకీన్‌తో చెప్పలేని హాలత్.

ఈ పెట్టెను తెరిచి చూసినవాడు హైదరాబాదు ఇంజినీరు హరిప్రసాద్. 2010లో పేరు బయటపెట్టని ఒకరి ద్వారా అసలు యంత్రం ఆయన చేతికి వచ్చింది. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, తన దేశంలో ఓటు కంప్యూటర్లను వదిలించేదాకా పట్టు వదలని నెదర్లాండ్స్ వాసి రాప్ గాంగ్రైప్ ఆయనతో కలిశారు. వాళ్ల తహ్ఖీఖ్ రెండు సంగతులు చూపించింది. అంకెలు చూపే బోర్డును అచ్చం అలాంటిదే మరోదానితో మార్చి, ఫోన్ నుంచి బ్లూటూత్‌తో దాన్ని ఆడించవచ్చు. పోలింగుకూ కౌంటింగుకూ మధ్య యంత్రం ఎవరి చేతికైనా చిక్కితే, మెమరీ చిప్పుకు చొక్కా జేబులో పట్టేంత పరికరం తగిలించి ఓట్లు మార్చవచ్చు.

జవాబుగా వచ్చింది పోలీసులు. 2010 ఆగస్టు 21న హైదరాబాదులోని ఇంటి నుంచి ఆయన్ను ముంబయికి తీసుకెళ్లారు. యంత్రం దొంగిలించారన్నది ఇల్జామ్. ఇచ్చినవారెవరో ఆయన చెప్పలేదు. వారం తర్వాత జమానత్ మీద బయటికొచ్చారు. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2019 ఏప్రిల్‌లో, తెలుగుదేశం బృందంలో ఆయన కనబడితే ఎన్నికల సంఘం ఆ పాత కేసునే ఎత్తి చూపింది.

ఇన్సాఫ్‌గా రెండో వైపు కూడా రాయాలి. ఆ పరిశోధన నిరూపించింది యంత్రం మార్చవచ్చని. ఫలానా ఎన్నికలో మార్చారని కాదు. యంత్రాలు నెట్‌కు కలిపి ఉండవని, ఏ బూతుకు ఏది వెళుతుందో లాటరీలో తేలుతుందని, పోలింగుకు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుగుతుందని సంఘం చెప్పేది నిజమే. ఓడినవాళ్లు యంత్రాన్ని తిట్టడం, గెలవగానే మరిచిపోవడం కూడా మనం చూస్తున్నదే. నా షికాయత్ వేరు. తహ్ఖీఖ్ అడిగినవాళ్లకు తఖ్లీద్ చేయమని చెప్పారు.

మరి కోడ్ బయటపెడితే సరిపోతుందా? యూనిక్స్ తయారీదారుల్లో ఒకరైన కెన్ థామ్సన్ 1984లోనే ఒక ఉపన్యాసంలో చూపించాడు: కోడ్ పాక్‌సాఫ్‌గా కనబడుతున్నా, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరే చెడ్డదైతే దొంగ తలుపు లోపలికి చేరుతుంది. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ పరికరంలో జరిగింది చూడండి. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఖిద్మత్ చేస్తున్నట్టు నమ్మించి, అలసిపోయిన నిర్వాహకుడి పక్కన చోటు సంపాదించి, పరీక్ష కోసం పెట్టే ఫైళ్ల చాటున మాల్వేర్ దాచారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వడంతో మార్చి 29న అది బయటపడింది. తవ్వడానికి కోడ్ చేతిలో ఉంది కాబట్టి పట్టుకున్నాడు. అలా అని అందరి కళ్ల ముందూ ఉన్నది ఎవరో ఒకరు చూసే ఉంటారనుకోవడం కూడా ఒక రకం తఖ్లీదే.

జర్మనీ రాజ్యాంగ కోర్టు 2009 మార్చి 3న ఇచ్చిన ఫైసలా నాకు ఇందుకే నచ్చుతుంది. ప్రత్యేక సాంకేతిక ఇల్మ్ లేని పౌరుడు కూడా ఓటు, లెక్కింపుల ముఖ్యమైన మెట్లను సరిచూసుకోగలగాలని, అప్పటి యంత్రాలు ఆ షర్తుకు నిలవలేదని చెప్పింది. కోడ్ చదవగల మాహిర్లు ఎందరు? కాగితం చూడగలిగేవాళ్లు అందరూ. మన సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 8న కాగితం గవాహీ తప్పనిసరి అంది. అదే ఇప్పుడు ఏడు సెకన్లు కనబడే వీవీప్యాట్ చీటీ. చంద్రబాబునాయుడు, మరికొన్ని పార్టీల నేతలు వేసిన పిటిషన్ మీద 2019లో ఒక్కో అసెంబ్లీ స్థానానికి అయిదు బూతుల చీటీలు లెక్కించమంది. మన ధర్మవరానికీ అయిదే, లాటరీ తీసి.

చీటీలన్నీ లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న కోర్టు తోసిపుచ్చింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు అడిగితే 5 శాతం యంత్రాల మెమరీ తనిఖీ చేయవచ్చంది, ఖర్చు ముందు అడిగినవారే పెట్టుకుని. తనిఖీ చేసేది మాత్రం తయారు చేసిన సంస్థ ఇంజినీర్లే!

ఇక పోలింగ్ ఏజెంటుగా కూర్చునే మన పిల్లలకు ఒక మాట. బూతులో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిచ్చే ఫారం 17సీ నకలు అడిగి తీసుకున్నాకే బయటికి రండి. కౌంటింగ్ నాడు యంత్రం చూపే మొత్తాన్ని ఆ కాగితం పక్కన పెట్టి చూడటానికి ఏ డిగ్రీ అక్కర్లేదు.