నారింజల లారీ ముంచిన ఓడ, జనం కొనుక్కున్న ఓడ

1966 డిసెంబరు 7, చీకటిపడ్డ వేళ. క్రీట్ ద్వీపంలో హానియా పట్నానికి దగ్గర్లో ఉన్న సూదా రేవు. రాత్రంతా ఏజియన్ సముద్రం మీద నడిచి తెల్లారేసరికి ఏథెన్స్ నగరపు రేవు పిరేయస్ చేరాల్సిన ఓడ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. పేరు హెరాక్లియన్. దాని కడుపులోకి లారీలు ఒకటొకటిగా ఎక్కాయి. వాటిలో ఒకటి పెద్ద శీతల లారీ, దాన్నిండా నారింజ పండ్లు. హానియా చుట్టుపక్కల తోటల్లో కాయలు కోతకొచ్చే కాలం అది. రాజధాని బజారు ఆ పండ్ల కోసం చూస్తూ ఉంటుంది. ఆ రాత్రి బయట సముద్రం మీద గాలి హోరెత్తుతోంది. అయినా ఓడ కదిలింది.

అర్ధరాత్రి దాటాక ఆ నారింజల లారీ పట్టు తప్పింది. ఓడ ఇటు ఒరిగితే ఇటు, అటు ఒరిగితే అటు జారుతూ చివరికి ఓడ పక్క గోడకున్న తలుపును గుద్దింది. సరుకు ఎక్కించే తలుపు అది. అది ఊడిపోయింది. సముద్రం లోపలికి వచ్చేసింది. రాత్రి 2 గంటలు దాటిన కాసేపటికి ఫాల్కొనేరా అనే చిన్న బండరాతి ద్వీపం దగ్గర నుంచి ఆ ఓడ పంపిన ఆపద సందేశం వినిపించింది. ఆ తర్వాత మరి మాట లేదు.

200మందికి పైగా పోయారు. బతికి బయటపడ్డవాళ్ళు 50మంది కూడా లేరు. సరిగ్గా ఎంతమంది పోయారో ఈనాటికీ ఎవరూ చెప్పలేరు. ఓడెక్కాక కూడా టికెట్టు కొనుక్కునే రోజులవి, ఎక్కినవాళ్ళ పేర్లు రాసుకునే పద్ధతి లేదు. లెక్కలోకి కూడా రాకుండా మునిగిపోయిన మనుషులున్నారన్న ఆ ఒక్క మాట దగ్గరే నా మనసు ఆగిపోతుంది.

గ్రీకు దీవుల ఓడ ప్రయాణం అనగానే మన కళ్ళముందు మెదిలేది తెల్ల గోడల ఇళ్ళు, నీలం గుమ్మటాలు, డెక్కు మీద ఎండకాగే సెలవుల జనం. అవన్నీ ఉన్నాయి, అందమైనవే. కానీ గ్రీసుకు చిన్నా పెద్దా కలిపి సుమారు 6,000 దీవులు. వాటిలో మనుషులు కాపురముండేవి 227. అక్కడివాళ్ళకు ఓడంటే ఊరి బస్సు, ఆసుపత్రికి వెళ్ళే బండి, ఉత్తరాల సంచి, పెళ్ళివారి ప్రయాణం, శవం ఇంటికొచ్చే దారి. ఆ దారి కోసం వాళ్ళు ఎంత ఓర్చుకున్నారో తెలిస్తే గానీ హెరాక్లియన్ మునిగాక క్రీట్ జనం ఏం చేశారో, ఎందుకు చేశారో అర్థం కాదు.

దీవికి వెళ్ళిన ఓడ గాలికి ఆగిపోవడం అక్కడ ఎంత పాత సంగతో చెప్పడానికి సోక్రటీసు కథే చాలు. క్రీస్తు పూర్వం 399లో ఏథెన్స్ న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష వేసింది. తీర్పుకు ముందురోజే డెలోస్ ద్వీపంలోని అపోలో దేవుడి సన్నిధికి ఏటా పంపే ఓడకు పూలదండ వేశారు. ఆ ఓడ వెళ్ళి తిరిగొచ్చేవరకు నగరం మైలపడకూడదు, ఎవరికీ మరణశిక్ష అమలు చేయకూడదు. ఎదురుగాలి పట్టుకుంటే ఆ రాకపోకలకు చాలా రోజులు పట్టేదని ప్లేటో రాశాడు. ఆ ఏడు దాదాపు 30 రోజులు పట్టింది. ఆ నెల్లాళ్ళూ సోక్రటీసు చెరసాలలో మిత్రులతో మాట్లాడుతూ గడిపాడు. చివరికి సూనియం అగ్రం దగ్గర ఓడ దిగినవాళ్ళు కబురు తెచ్చారు, ఓడ వచ్చేస్తోందని. విషపాత్రకు వేళైంది.

ఆ గాలి ఇప్పటికీ వీస్తుంది. నడివేసవిలో ఉత్తరం నుంచి వచ్చే పొడిగాలిని గ్రీకులు మెల్తేమి అంటారు. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, ఎండ పెళపెళలాడుతూ ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంది. గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ లెక్కలో అంకె 8కో 9కో చేరిందంటే రేవు అధికారులు ఓడలు కదలకూడదని ఆజ్ఞ జారీ చేస్తారు. దాన్ని అపగోరెఫ్తికో అంటారు, నిషేధం అని అర్థం. దీవుల్లో చిన్నపిల్లలకు కూడా ఆ మాట తెలుసు.

ఆవిరి ఓడలు వచ్చాక ఈ దారులకు నడిబొడ్డు సీరోస్ ద్వీపం. 1822లో తుర్కుల సైన్యాలు కియోస్ ద్వీపంలో జనాన్ని ఊచకోత కోసినప్పుడు, 1824లో ప్సారా ద్వీపం తగలబడినప్పుడు పారిపోయి వచ్చినవాళ్ళు ఖాళీగా ఉన్న ఒడ్డున గుడిసెలు వేసుకుని ఒక ఊరు కట్టుకున్నారు. వర్తకుల దేవుడు హెర్మీస్ పేరున దానికి ఎర్ముపోలి అని పేరు పెట్టుకున్నారు. కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల ఊరు 30 ఏళ్ళు తిరిగేసరికి గ్రీసులోకెల్లా పెద్ద రేవైంది. 1850లలో దేశపు మొదటి ఆవిరి ఓడల కంపెనీ అక్కడే పుట్టింది. ఉత్తరాలు చేరవేసినందుకు ఆ కంపెనీకి ప్రభుత్వం డబ్బు సాయం చేసేది. ఓడలు బాగుచేసే నియోరియో కార్ఖానా 1861 నుంచి అక్కడే ఉంది. తర్వాత పిరేయస్ పెరిగింది, సీరోస్ తగ్గింది.

చాలా దీవులకు ఓడ ఆనే గట్టు ఉండేది కాదు. ఓడ దూరంగా లంగరు వేసుకుంటే ఒడ్డు నుంచి పడవలు ఎదురెళ్ళేవి. కెరటం పైకెత్తినప్పుడు మనిషి నిచ్చెన వదిలి పడవలోకి దూకాలి. క్షణం ఆలస్యమైతే పడవ కిందికి పోతుంది. ముసలమ్మల్ని చంకల కింద పట్టుకుని దించేవాళ్ళు, మేకల్ని కాళ్ళు కట్టి అందించేవాళ్ళు. సాంతోరినిలో దిగినవాళ్ళు ఆపైన కొండ అంచున ఉన్న ఊరికి దాదాపు 600 మెట్లు ఎక్కాలి, నడిచో, కంచరగాడిద మీదో.

రెండో ప్రపంచ యుద్ధం ఈ ఓడల్ని కూడా వదల్లేదు. టీనోస్ ద్వీపంలో ఆగస్టు 15 మేరీమాత పండుగ. రేవు నుంచి గుడిదాకా ఉన్న ఎత్తుదారంతా మోకాళ్ళ మీద పాక్కుంటూ మొక్కు తీర్చుకునే భక్తులు ఇప్పటికీ ఉన్నారు. 1940లో అదే రోజు ఉదయం, పండుగ గౌరవార్థం రేవులో నిలిచి ఉన్న గ్రీకు యుద్ధనౌక ఎల్లీని ఇటలీ జలాంతర్గామి ఒకటి టార్పెడోతో కొట్టి ముంచింది. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధమే లేదు. యాత్రికుల్ని తెచ్చిన ఓడల మీదికి వదిలిన టార్పెడోలు గురితప్పి రేవుగట్టును తాకాయి గానీ, లేకపోతే ఆ పండుగ ఏమయ్యేదో. యుద్ధం ముగిశాక నష్టపరిహారం కింద ఇటలీ ఇచ్చిన ఒక నౌకకు గ్రీకులు మళ్ళీ ఎల్లీ అనే పేరు పెట్టారు.

యుద్ధంలో జనాల్ని తిప్పే ఓడలు దాదాపు అన్నీ పోయాయి. మిగిలినవి, దొరికినవి పాతవి. 1947 జనవరి 19న థెస్సలోనీకి నుంచి పిరేయస్ వస్తూ బండరాళ్ళకు తగిలి మునిగిన హిమారా కూడా అలాంటిదే. 1905లో జర్మనీలో కట్టింది, పరిహారంగా వచ్చింది. దాదాపు 380మంది చనిపోయారు. అంతర్యుద్ధపు రోజులు కావడంతో ప్రవాస శిక్షకు తీసుకెళ్తున్న రాజకీయ ఖైదీలు అందులో సంకెళ్ళతో ఉన్నారు. సంగీతకారుడు మికిస్ తియొదొరాకిస్‌ను ఇకారియాకు, మక్రోనిసోస్‌కు పంపిన కాలం కూడా అదే. సెలవులకని ఇప్పుడు మురిసిపోతూ వెళ్ళే దీవుల్లో చాలావాటికి ఒకప్పుడు మనుషుల్ని శిక్షగా ఓడెక్కించేవారు.

హెరాక్లియన్ కూడా చేతులు మారి వచ్చిందే. 1949లో గ్లాస్గోలో కట్టినప్పుడు దాని పేరు లెస్టర్‌షైర్, అది నడిచిన దారి ఇంగ్లండు నుంచి బర్మాకు. మన తాతలు రంగం అని పిలుచుకున్న రంగూన్ రేవు నీళ్ళు చూసిన ఓడ అది. 1964 ప్రాంతంలో గ్రీకు కంపెనీ కొని, పక్కలకు తలుపులు కోసి, కార్లూ లారీలూ ఎక్కేలా మార్చింది. మహాసముద్రం మీద నడవడానికి కట్టిన ఓడను కోనసీమ పంటులా బళ్ళు దాటించే పనికి పెట్టారు. ఆ కోసిన తలుపుల్లో ఒకటే ఆ రాత్రి ఊడింది.

విచారణలో కంపెనీ నిర్లక్ష్యం రుజువైంది. 1968లో యజమానికి జైలుశిక్ష పడింది. కథ అక్కడితో ఆగితే ఇది మరొక ప్రమాదం వార్త. ఆగలేదు.

అప్పటికి క్రీట్ జనాభా 5 లక్షలకు దగ్గర. విమానం ఉన్నా మామూలు రైతు కొనగలిగిన టికెట్టు కాదది. వాళ్ళ బిడ్డలు చదువుకు వెళ్ళినా, ఆలివ్ నూనె, పండ్లు అమ్ముకున్నా ఎక్కడో కూర్చున్న ఓడల యజమాని దయ. శవాల్ని ఖననం చేసి వచ్చిన జనం అడిగిన ప్రశ్న ఒక్కటే: మన ఓడ మనకెందుకు ఉండకూడదు? ఆ మాటను పట్టుకుని ముందు నడిచినవాళ్ళలో ముఖ్యుడు బిషప్ ఇరినేయోస్ గలనాకిస్, ద్వీపం పడమటి కొసనున్న కీసమోస్, సెలీనో ప్రాంతాల మతాచార్యుడు. పల్లెల్లో మనుషులు తలా ఇంత వేసుకుని వాటాలు కొన్నారు. రైతులు, దుకాణదారులు, ఉపాధ్యాయులు, ఎవరికి ఎంత కుదిరితే అంత. 1967 ఏప్రిల్‌లో కంపెనీ పుట్టింది. పేరు ఆనెక్, క్రీట్ ఓడల కంపెనీ అనే అర్థం వచ్చే గ్రీకు మాటల పొడి అక్షరాలు. అదే నెల 21న ఏథెన్స్‌లో సైనికాధికారులు అధికారం లాక్కున్నారు. పదిమంది ఒకచోట కూడితే అనుమానించే కాలం మొదలైంది. అలాంటి కాలంలో కూడా ఈ వాటాల పుస్తకం మూతపడలేదు.

1970లో వాళ్ళ మొదటి ఓడ వచ్చింది. చమురు మోసిన పాత ట్యాంకరును మార్చి కట్టిందే అది కూడా. కొత్తది కొనేంత డబ్బు ఎక్కడిది? దానికి కీదోన్ అని పేరు పెట్టారు. హానియా నగరానికి పునాది వేశాడని పురాణాలు చెప్పే రాజు పేరు. టికెట్టు కొని ఎక్కే మనిషే అందులో వాటాదారు కూడా. ద్వీపం తూర్పు వైపువాళ్ళు 1972లో మినోవన్ లైన్స్ పెట్టుకున్నారు. లెస్బోస్ ద్వీపంలోనూ అదే ఏడు అదే పద్ధతిలో జనం కంపెనీ లేచింది. నాకు తెలిసినంతలో విషాదానికి ఇంత గట్టి జవాబు ఇచ్చిన జనం అరుదు. పరిహారం కోసం చేయి చాచి అంతటితో ఊరుకోలేదు, దారినే తమ చేతుల్లోకి తీసుకున్నారు.

లాభం రాని దారులకు మాత్రం ప్రభుత్వమే దిక్కు. గ్రీకులు వాటిని అగోని గ్రమ్మి అంటారు, అంటే బంజరు లైను. పంట పండని దారి అని. నాక్సోస్‌కీ అమోర్గోస్‌కీ మధ్య ఇరాక్లియా, స్కినూసా, కుఫోనీసియా, డొనూసా అనే నలుసంత దీవులున్నాయి. కొన్నింటిలో శీతకాలం 200మంది కూడా మిగలరు. వాటిని కలిపే చిన్న ఓడ స్కోపెలీతిస్, అమోర్గోస్ కుటుంబం ఒకటి తరాలుగా నడుపుతున్నది. ఇప్పుడున్నది 1986లో కట్టింది. పెద్ద ఓడల పక్కన అది బొమ్మలా ఉంటుంది. సముద్రం పొంగితే లోపలున్నవాళ్ళు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంటారు. కానీ మందుల పెట్టె వచ్చేది దాంట్లోనే, పంతులమ్మ వచ్చేదీ దాంట్లోనే.

మళ్ళీ మళ్ళీ సముద్రం పాత పాఠం గుర్తుచేస్తూనే ఉంది. 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే 34 ఏళ్ళ ఓడ పారోస్ రేవుకు రెండు మైళ్ళ దూరంలో, దీపం వెలుగుతున్న పోర్తెస్ బండను గుద్దుకుంది. నీళ్ళు ఒక గది నుంచి మరో గదికి పాకకుండా ఆపాల్సిన తలుపులు తెరిచే ఉన్నాయి. 80మందికి పైగా చనిపోయారు. నాలుగొందలమందికి పైగా బతికారంటే అందులో పారోస్ పల్లెకారుల చలవ ఎంతో ఉంది. కబురు తెలియగానే వేటపడవలు విప్పుకుని ఆ గాలిలోకి, ఆ చీకట్లోకి వెళ్ళారు వాళ్ళు. తేలుతున్నవాళ్ళను జుట్టు పట్టుకుని, చొక్కా పట్టుకుని పడవలోకి లాగారు.

ఇప్పుడు లెక్కలు మారాయి. మినోవన్ లైన్స్ 2008లో ఇటలీ కంపెనీ చేతికి వెళ్ళింది. క్రీట్ పల్లెలు వాటాలు వేసుకుని పెట్టుకున్న ఆనెక్ అప్పుల్లో కూరుకుపోయి, 2023 చివర్లో ఏథెన్స్‌లోని పెద్ద ఓడల సంస్థలో కలిసిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు బాధేసింది. కంపెనీ పోయినా ఆనాటి వాటా కాగితాలు ఇంకా కొన్ని ఇళ్ళల్లో పెట్టెల అడుగున ఉండే ఉంటాయని అనుకుంటాను.

హానియాలో సముద్రపు ఒడ్డున హెరాక్లియన్ మృతుల స్మారకం ఉంది. అలల్లోంచి పైకి లేచిన ఒక చేయి. ఊళ్ళో దాన్ని చేయి అనే పిలుస్తారు. అక్కడికి కాస్త దూరంలో, సూదా రేవులో, రాత్రి ఓడ ఇప్పటికీ అదే దారిన పిరేయస్‌కు బయలుదేరుతుంది. ఓడ వెనకభాగం, మన పల్లెకారులు అమరం అనేది, గట్టుకు ఆనించి ఉంటుంది. ఇనప తలుపు పరచుకున్నాక లారీలు వెనక్కి వెనక్కి నడుస్తూ లోపలికి వెళ్తాయి. శీతకాలమైతే వాటిలో నారింజలుంటాయి. లోపల కళాసీ ఒకడు ప్రతి లారీ దగ్గరా వంగి, నేలలో బిగించిన కొక్కేనికి గొలుసు తగిలించి, పిడి తిప్పి బిగిస్తాడు. బిగించాక చేత్తో ఒకసారి లాగి చూస్తాడు. తర్వాతి లారీ దగ్గరికి నడుస్తాడు.